కోపమునకు సరియైన చిరునామా

పెద్ద కష్టము వచ్చినప్పుడు మనుష్యుడు ఒంటరివాడు కాడు. ఇంటిలో ఎవరైన గతించినచో బంధువులు వత్తురు, ఇరుగుపొరుగువారు అన్నము వండి పంపుదురు, పెద్దలు ధైర్యవచనములు పలుకుదురు, ఎట్లు దుఃఖింపవలెనో ఎన్నినాళ్లు దుఃఖింపవలెనో తెలుపు ఆచారములు సైతము కలవు. కాని మూడు వస్తువులు కొనుటకు అంగడికి పోయి, అరగంటసేపు వరుసలో నిలువబడి, తన వంతు వచ్చునంతలో "ఈ కౌంటరు మూసేశామండీ, పక్క లైన్లోకి వెళ్ళండి" అను మాట విన్నవానిని ఓదార్చువారెవ్వరు? ఒక దరఖాస్తు నింపుటకు వెబ్‌సైటు తెరచి, పేరును, పుట్టిన తేదీని, తండ్రి పేరును, చిరునామాను ఓపికతో చేర్చి, తుదిమీట నొక్కగానే గడువు ముగిసినదను సందేశముతో మరల మొదటి పుటకు నెట్టబడినవానికి సానుభూతి ఎక్కడ లభించును? ఇంటికి పోయి చెప్పుకొన్నచో "ఇంతమాత్రానికేనా?" అందురు. ఓదార్పునకు నోచుకొనని ఈ చిన్న కష్టములే ప్రతిదినము, పూటపూటకు మనలను తాకుచు, మనకు తెలియకుండగనే మన స్వభావమును మార్చివేయుచున్నవి. మహావిపత్తునందు ధీరుడుగా నిలిచినవాడు బిల్లింగు కౌంటరువద్ద అధీరుడగుట నేను పలుమార్లు చూచియున్నాను. అతనిని చూచి నవ్వుటకు నాకు ఎన్నడును మనసొప్పలేదు.

క్రోధము అరిషడ్వర్గములలో ఒకటియని మనకు బాల్యమునుండి బోధించిరి. ఆ బోధ సత్యమే. ఐనను క్రోధజయమును గురించిన మన పురాణకథలలో అధికభాగము రాజులవి, ఋషులవి. ఆ క్రోధములవలన రాజ్యములు కూలెను, శాపములు వెలువడెను. నిత్యజీవితములోని చిన్నచిన్న రాపిడులను ప్రత్యేకముగా పట్టించుకొనిన ప్రాచీనులలో గ్రీకు తత్త్వవేత్త ఎపిక్టెటస్ ఒకడు. బానిసగా పుట్టి ఆచార్యుడైన ఈ మహనీయుడు స్నానశాలకు పోవు సామాన్యుని ఉదాహరణముగా తీసికొనెను. అచ్చట నీళ్లు చిమ్మువారుందురు, త్రోయువారుందురు, తిట్టువారుందురు, దొంగిలించువారుందురు. వీనినన్నిటిని బయలుదేరుటకు ముందే మనస్సున చూచుకొని, స్నానము చేయుటతోపాటు చిత్తస్థైర్యమును కాపాడుకొనుటయు నా పనియేయని నిశ్చయించుకొని పొమ్మని ఆయన ఉపదేశము. అంగడికి బయలుదేరువానికి ఇంతకంటె మేలైన సలహా రెండువేల యేండ్లలో పుట్టలేదని నా అభిప్రాయము. కాని అది సగము సలహా. చిత్తస్థైర్యము మనకు దక్కును. నీళ్లు చిమ్మువాడు చిమ్ముచునే యుండును.

తక్కిన సగమును చెప్పుటకే ఈ అధ్యాయము. కోపమును అణచుకొనుడని నేను చెప్పబోవుట లేదు. మన నిత్యజీవితపు చికాకులలో పెక్కింటిని కల్పించినవాడు మన యెదుట ఉండడు. మన యెదుట ఉన్నవాడు దానిని కల్పించినవాడు కాడు. తప్పు చిరునామాకు వేసిన ఉత్తరమువలె మన కోపము చేరవలసినవానికి చేరక, చేతికందిన అమాయకుని గాయపరచి, మరల మన యింటికే తిరిగివచ్చుచున్నది. దానికి సరియైన చిరునామా వ్రాయుట నేర్చుకొనవలెను.

ఒక దృష్టాంతము తీసికొందము. విజయవాడయందో కరీంనగరునందో ఒక సూపర్ మార్కెట్టులో ఒక గృహస్థుడు కందిపప్పు, చింతపండు, సబ్బులు తీసికొని కౌంటరువద్దకు వచ్చెననుకొనుడు. అచ్చటి అమ్మాయి తల యెత్తకయే "ఫోన్ నంబరు చెప్పండి సార్" అనును.

"పప్పు కొనడానికి ఫోన్ నంబరు ఎందుకమ్మా?"

"నంబరు కొట్టందే సిస్టమ్ బిల్లు తీసుకోదు సార్."

ఇచ్చటనుండి స్వరములు హెచ్చును. వెనుక నున్నవారు గొణుగుదురు. కొంతసేపు వాదించి, అలసి, గృహస్థుడు నంబరు చెప్పివేయును. కొలది దినములలోనే ఎన్నడును చూడని దుకాణములనుండి పండుగ తగ్గింపుల సందేశములు అతని ఫోనులో మ్రోగనారంభించును. ఆ అమ్మాయి ఉదయమునుండి నిలుచుండియే యున్నది. నంబరు అడుగవలెనను నియమమును చేసినవారు ఏ మహానగరములోని ఏ కార్యాలయమున కూర్చుండియున్నారో ఆమెకు తెలియదు. ఆ నియమమును సడలించు అధికారము ఆమెకు లేదు. అడుగకపోయినచో సాయంకాలము సంజాయిషీ చెప్పుకొనవలసినది మాత్రము ఆమెయే. గృహస్థుని కోపము ఆమెను నొప్పించినది కాని నియమమును తాకలేదు. ఇక ఆ కోపములో మిగిలిన భాగము స్కూటరుమీద అతనితోకూడ ఇల్లు చేరి, లెక్కలు చేసికొనుచున్న పిల్లవానిమీద పడును. ఇట్లు నంబరును పోయినది, శాంతియు పోయినది.

ఇతడు తెలిసికొనియుండవలసిన సంగతులు రెండే. వినియోగదారుల ఫోన్ నంబరుకొరకు పట్టుపట్టరాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2023 మే మాసములో చిల్లర వర్తకులకు సూచనలిచ్చినది. బిల్లు ఇయ్యకుండుట 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము అనుచిత వ్యాపార విధానము. ఈ రెండును ఎరిగినవాడు గొంతు పెంచనక్కరలేదు. "నంబరు ఇవ్వనమ్మా. బిల్లు మాత్రం కావాలి. నీవల్ల కాదంటే మేనేజరు గారిని పిలువు, నేను పక్కన నిలబడతాను" అని చెప్పి, వెనుకవారికి దారి యిచ్చి నిలిచినచో చాలును. మేనేజరు వచ్చి ఏదో ఒక అంకె కొట్టి బిల్లు తీయుట తరచుగా జరుగునదే. ప్రక్కకు తొలగి నిలుచుటలోనే సగము విజయము కలదు. ఏలయన వెనుకనున్నవారి అసహనము మనపై ఒత్తిడిగా పరిణమించుటవలననే మనము సాధారణముగా లొంగిపోవుచుందుము.

తెలియనివాని కంఠము పెద్దదగును, తెలిసినవాని కంఠము తగ్గును. ఇది నేను అనేకస్థలములలో గమనించిన విషయము. హైదరాబాదు మాల్‌లో పార్కింగు రుసుము అడిగినవానితో కలహించువాడు తనకు అన్యాయము జరుగుచున్నదని యెరుగును కాని ఎంత అన్యాయమో ఎరుగడు, అందుచే అరచును. మాల్‌లలో మొదటి అరగంట పార్కింగు ఉచితమనియు, కొనుగోలు బిల్లు చూపినవారికి గంటవరకును ఉచితమనియు, ఆపైన బిల్లు మొత్తము రుసుమునకు మించినచో ఏమియు చెల్లింపనక్కరలేదనియు తెలంగాణ ప్రభుత్వము 2018 మార్చిలో ఉత్తర్వు వెలువరించినదని యెరిగినవాడు బిల్లు తీసి చూపును, అంతే. సంచికి డబ్బు అడుగుటయు ఇట్టిదే. కొనుగోలు పూర్తియై సరుకులు కౌంటరుమీదికి చేరిన పిదప, ముందుగా తెలుపకయే క్యారీబ్యాగునకు రుసుము కట్టుట అనుచితమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబరులో తీర్పు చెప్పినది. గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నియు చేరియే యుండును; దుకాణమున ఒక ధర, సినిమాహాలున ఒక ధర ముద్రించి ఒకే వస్తువునకు రెండు గరిష్ఠ ధరలు పెట్టుట 2018 జనవరినుండి నిషిద్ధము. అయితే బల్లలు వేసి వడ్డించు హోటలులో నీళ్లసీసా ధర వేరుగా నుండవచ్చునని సుప్రీంకోర్టు 2017లో అభిప్రాయపడినది గనుక అక్కడ వాదమునకు దిగినచో ఓడునది మనమే. అదే హోటలు బిల్లుపై మనలను అడుగకయే సర్వీస్ ఛార్జీ చేర్చినచో మాత్రము తీసివేయుమని చెప్పవచ్చును; కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో ఈ విషయమై చేసిన మార్గదర్శకములను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించినది. ఎక్కడ మన పక్షమున చట్టమున్నదో, ఎక్కడ లేదో రెండును తెలిసియుండుట మనశ్శాంతికి సమానముగా ఉపకరించును.

"ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అను బోర్డు కనబడని బజారు మన దేశమున అరుదు. చెడిపోయిన వస్తువు విషయమున ఆ బోర్డునకు విలువ లేదు. బిల్లుమీద వ్రాసిన గడువులోపల, గడువేమియు వ్రాయనిచో ముప్పది దినములలోపల, లోపమున్న వస్తువును తిరిగి తీసికొనుటకు నిరాకరించుటయు అనుచిత వ్యాపార విధానమేయని చట్టము చెప్పుచున్నది. చీర రంగు ఇంటికి వచ్చిన తరువాత నచ్చలేదనుట వేరు, మిక్సీ తిరుగలేదనుట వేరు. మొదటిది వర్తకుని మర్యాద, రెండవది మన హక్కు. ఈ భేదమును పాటించినవానికి వర్తకుని గౌరవము దక్కును. పాటింపనివాడు హక్కునుకూడ యాచనగా మార్చుకొనును.

ఇక అంతర్జాలపు అంగడి. ఇక్కడ మన యెదుట మనుష్యుడే లేడు. కౌంటరువద్దనున్న అమ్మాయిమీద చూపిన కోపము ఇక్కడ ఫోనుమీద, లేదా ఫోను పట్టుకొనియున్న మనలను పిలిచిన కుటుంబీకులమీద పడును. అంతకంటె ముఖ్యమైన విషయమొకటి కలదు. అంగడిలోని చికాకులలో చాలభాగము అశ్రద్ధవలన పుట్టినవి. తెరమీది చికాకులలో చాలభాగము శ్రద్ధవలన, మిక్కిలి శ్రద్ధవలన పుట్టినవి. మన సహనము ఎంతసేపు నిలుచునో, మన దృష్టి ఏ మూలకు పోదో లెక్కించి కట్టిన ఏర్పాట్లవి. హ్యారీ బ్రిగ్నల్ అను ఆంగ్లేయుడు 2010లో వీనికి 'డార్క్ ప్యాటర్న్స్' అని పేరు పెట్టెను. మన దేశమున 2023 నవంబరు 30వ తేదీన వీనిలో పదమూడింటిని నిషేధించుచు మార్గదర్శకములు వెలువడినవి. ఇంకను రెండు నిమిషములే గడువని గడియారమును పరుగెత్తించుట, అట్టి గడువు నిజముగా లేనప్పుడు, నిషిద్ధము. మనము ఎంచని బీమానో విరాళమునో బుట్టలో చేర్చుట నిషిద్ధము. మొదటి పుటలో ఒక ధర చూపి, చివరి పుటకు వచ్చుసరికి రకరకముల రుసుములతో దానిని పెంచుట నిషిద్ధము. వద్దని చెప్పుటకు సిగ్గుపడునట్లు మాటలు కూర్చుట, చేరుటకు ఒక్క మీటయు విడిపోవుటకు పది పుటలును పెట్టుట, ఇవియు అట్టివే.

నిషేధింపబడినవి గనుక ఇవి కనబడవని తలపవలదు; ఇంకను కనబడుచున్నవి. కాని వీని పేర్లు ఎరిగినవానికి వీని బలము సగము తగ్గును. పరుగెత్తు గడియారమును చూచినప్పుడు గుండె వేగము హెచ్చుట సహజము; అది నన్ను తొందరపెట్టుటకే అక్కడ నున్నదని తెలిసిన క్షణమున ఆ తొందర శమించును. నేను సలహా యిచ్చువారందరికిని చెప్పునది ఇది: మొదటి పుటలో కనబడిన ధరను ఒక కాగితముమీద వ్రాసికొనుడు, డబ్బు చెల్లించు పుటకు వచ్చినప్పుడు రెండును సరిపోల్చుడు, తేడా కనబడినచో ఆ పుటను స్క్రీన్‌షాట్ తీసి, కొనకయే బయటికి రండు. రాత్రి పడుకొనబోవునప్పుడు కొనవలదు. అలసిన మనస్సు అంగీకరించుట కష్టము కాదు, నిరాకరించుటయే కష్టము. నెలనెల ఖాతానుండి తనంత తాను డబ్బు కోసికొను చందాల విషయమున రిజర్వు బ్యాంకు నియమము మనకు సహాయముగా నున్నది: కోతకు ఇరువదినాలుగు గంటలు ముందుగా మనకు తెలియజేయవలెను. ఆ సందేశమును తుడిచివేయక చదువుడు. మరచిపోయిన చందాలు పట్టుబడునది అప్పుడే.

మన దేశము విడిచి దూరదేశములలో స్థిరపడిన మన పిల్లలు తల్లిదండ్రులకు సరుకులు పంపుట ఇప్పుడు సర్వసాధారణమైనది. డల్లాసులోని కుమారుడు గుంటూరులోని తల్లికి మిక్సీ పంపును, తెచ్చిన కుర్రవాడు గుమ్మము ముందు నిలిచి "ఓటీపీ చెప్పండమ్మా" అనును, ఓటీపీ వెళ్లినది కుమారుని ఫోనుకు, అక్కడ నడిరాత్రి. కుర్రవానికి ఇంకను ఎన్నో ఇండ్లు మిగిలియున్నవి. తల్లికి ఇది అవమానముగా తోచును, కుర్రవానికి ఆలస్యముగా తోచును, కుమారునికి మరునాటి ఉదయము అపరాధముగా తోచును. ముగ్గురిలో ఎవరిదియు తప్పు కాదు. వస్తువు పంపునప్పుడు అందుకొనువారి నంబరును చేర్చుట, ఫలానా దినమున వచ్చునని ఒక్క మాట ముందు చెప్పుట, ఈ రెండు పనులును చేసిన కుటుంబములలో ఈ బాధ లేదు. అయితే తల్లి ఒక కట్టడి పాటింపవలెను: వస్తువును చేతికి తీసికొనుచున్నప్పుడు తప్ప, ఫోనులో అడిగినవానికెవనికిని ఓటీపీ చెప్పరాదు.

తెలుగువారమైన మనకు మిక్కిలి తీవ్రముగా తగులు చికాకు ఒకటి కలదు. అది పేరు. మన యింటిపేరు ముందు వచ్చును. ప్రపంచములోని దరఖాస్తులలో చాలవాటిలో అది వెనుక రావలెను. పాఠశాల రిజిస్టరులో ఇంటిపేరు ఒక పొడి అక్షరముగా నుండును, పాన్ కార్డులో పూర్తిగా నుండును, ఆధార్‌లో ఒకప్పుడు ముందు, ఒకప్పుడు వెనుక. "లక్ష్మి"ని ఆంగ్లలిపిలో ఎన్ని విధములుగ వ్రాయవచ్చునో అన్ని విధములుగ మన కార్డులలో వ్రాసియుందురు. ఆధార్‌కు పాన్‌ను జతచేయునప్పుడు "వివరములు సరిపోలలేదు" అను వాక్యముతో తలపట్టుకొన్న వృద్ధులను మీసేవా కేంద్రములలో చూడనివారుండరు. ఇంతటితో ఆగదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలోనే పేరంతయు వ్రాయించుకొని, రెండవ గడి ఖాళీగా విడిచినవారికి అమెరికా వీసామీద పేరు ఉండవలసిన చోట ఎఫ్‌ఎన్‌యూ అను మూడక్షరములు ముద్రింపబడును. మొదటి పేరు తెలియదని దాని యర్థము. తాతగారి పేరు పెట్టుకొని, నలుగురిలో ఆ పేరుతో పిలువబడుచు పెరిగిన యువకునికి విశ్వవిద్యాలయపు హాజరుపట్టీలో ఈ మూడక్షరములే పేరగుట చిన్న బాధ కాదు.

ఈ చికాకునకు కారకుడైనవాడు మీసేవాలోని ఆపరేటరు కాదు. ప్రపంచమందలి మనుష్యులందరికిని రెండు భాగముల పేరే యుండునని, రెండవ భాగమే వంశనామమని తలచి గడులు గీసినవారే కారకులు. వారిని మనము చేరలేము. కావున ఇక్కడ ఉపాయము ఫిర్యాదు కాదు, జాగ్రత్త. ఇంటిలో ఒక ఆదివారము కూర్చుండి అందరి పత్రములను ముందు పెట్టుకొని, ఒక్కొక్కరికి ఆంగ్లలిపిలో ఒకే వర్ణక్రమమును, ఇంటిపేరును పొడి అక్షరముగ గాక పూర్తిగా వ్రాయు ఒకే పద్ధతిని నిర్ణయించుకొనుడు. పదవతరగతి ధ్రువపత్రములోని రూపమును ఆధారముగా తీసికొనుట మేలు. ఏలయన తరువాతి పత్రములకు తరచుగా మూలము అదియే, దానిని మార్చుట మిక్కిలి ప్రయాస. తక్కినవానిని దానికి అనుగుణముగా, అవసరము రాకముందే, ఒక్కొక్కటిగా సరిదిద్దించుడు. అవసరము వచ్చిన దినమున, చివరి తేదీ దినమున ఈ పనికి పూనుకొనువాడు ఎంత శాంతస్వభావుడైనను శాంతుడుగా నుండజాలడు. పుట్టిన బిడ్డకు పేరు పెట్టునప్పుడే ఈ ఆలోచన చేయు తల్లిదండ్రులు ఆ బిడ్డకు చేయు ఉపకారము గొప్పది.

డబ్బు మధ్యలో ఆగిపోవుటవలన కలుగు చికాకులో భయము కలిసియుండును గనుక అది మరింత తీవ్రము. కూరగాయల బండివద్ద ఫోనుతో చెల్లించితిమి. మన ఖాతాలో తగ్గినది, అతని ఫోను మ్రోగలేదు. "నాకు రాలేదు బాబూ" అనును అతడు. "నా దగ్గర కట్ అయింది అన్నా" అందుము మనము. ఇరువురును సత్యమే పలుకుచున్నారు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న చేసిన నిర్ణయము ప్రకారము, ఒకరి ఖాతానుండి మరొకరి ఖాతాకు యూపీఐ ద్వారా పంపిన డబ్బు చేరనిచో మరునాటికి, వర్తకునికి చెల్లించినది చేరనిచో ఐదు దినములలోపల, తిరిగి మన ఖాతాకు రావలెను. ఆలస్యమైనచో దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారము, మనము అడుగకున్నను, చేర్చవలెను. ఏటీఎం నోట్లు రాల్చకయే ఖాతా తగ్గించినప్పుడును గడువు ఐదు దినములే. ఇది తెలిసినవాడు బండివానికి నగదు ఇచ్చి, నిశ్చింతగా ఇల్లు చేరును.

తెలియనివాడు ఏమి చేయునో చెప్పుట నా విధి. అతడు కోపముతో, కంగారుతో, అంతర్జాలములో సహాయకేంద్రపు నంబరు వెదకును. ఆ వెదకుటకొరకే మోసగాండ్రు దొంగ నంబరులు నాటియుంచిరి. ఫోను చేసినవానిచేత ఒక యాప్ పెట్టించి, ఖాతాలోని సర్వస్వమును ఊడ్చుకొని పోవుదురు. వంద రూపాయల చికాకు జీవితపు పొదుపును మ్రింగిన సంఘటనలు పత్రికలలో తరచుగా చదువుచునే యున్నాము. కార్డు వెనుకను, పాసుపుస్తకముమీదను, యాప్ లోపలను ఉన్న నంబరును తప్ప వేరొక నంబరును నమ్మరాదు. మోసము జరిగినచో ఆ క్షణమే 1930కి ఫోను చేసి, బ్యాంకునకును తెలుపవలెను. మన తప్పు లేకుండ మూడవవారు చేసిన దోపిడిని మూడు పనిదినములలో తెలిపినవానికి నష్టభారము లేదని 2017 జులైలో రిజర్వు బ్యాంకు విధించినది. ఓటీపీ మనమే చెప్పినచో మాత్రము ఫిర్యాదు చేయువరకు జరిగిన నష్టము మనదే. అందుకే తొందరయే ఇచ్చట నిజమైన శత్రువు. ఇబ్బంది కలిగిన వెంటనే పది నిమిషములు ఏమియు చేయకుండుటకు అలవాటుపడిన మనుష్యుడు సగము మోసములనుండి తనను తాను రక్షించుకొనగలడు. తెలిసిన మోసమొక్కటియే ఈ పది నిమిషములకు మినహాయింపు.

అన్ని చికాకులను ఫిర్యాదులుగా మార్చవలెనని నా అభిప్రాయము కాదు. గ్యాస్ సిలిండరు తెచ్చువాడు పైకము అడుగుట చూడుడు. ఇంటికి చేర్చు రుసుము ధరలోనే యున్నది, అదనముగా అడుగుటకు అతనికి హక్కు లేదు, ఇది నిశ్చయము. కాని లిఫ్టు లేని ఇంటిలో నాలుగవ అంతస్తునకు 14.2 కిలోల వాయువును, దానికి ఇంచుమించు సమానమైన ఇనుపబరువును భుజముపై మోసికొని వచ్చినవానికి మనము సంతోషముతో ఇచ్చునది వేరు, క్రింది అంతస్తులోని వృద్ధురాలిని బెదరించి ఇంత యియ్యనిదే దింపనని వసూలు చేయునది వేరు. మొదటిదానిని ఇయ్యనివానిని నేను లోభియందును; రెండవదానిని సహించువానిని చూచినచో నాకు విచారము కలుగును, ఏలయన అతని సహనమునకు మూల్యము ఆ వృద్ధురాలు చెల్లించుచున్నది. సిలిండరును మన యెదుట తూచి చూపుమని అడుగు హక్కు కూడ మనకు కలదు. ఖాళీ సిలిండరు బరువు దానిమీదనే ముద్రింపబడియుండును. పదిరూపాయల నాణెమును నిరాకరించు కిరాణా వర్తకుని సంగతి ఇంకొకటి. పదునాలుగు నమూనాలలో వెలువడిన ఆ నాణెములన్నియు చెల్లునని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే స్పష్టము చేసినను, మన ఉభయరాష్ట్రములలో ఆ అపనమ్మకము ఇంకను పూర్తిగా తొలగలేదు. అతడు నిరాకరించుట దుర్బుద్ధిచేత కాదు, తన వద్ద ఇంకొకడు తీసికొనడను భయముచేత. అతనిమీద ఫిర్యాదు చేయుటకంటె అతని వద్దనుండి ఆ నాణెములను మనము సంతోషముగా తీసికొనుట ఎక్కువ ఫలితమునిచ్చును.

వేచియుండుటయను చికాకునకు చట్టములో మందు లేదు. డేవిడ్ మైస్టర్ అను పండితుడు 1985లో వరుసలలో నిలుచువారి మనస్తత్త్వమును గురించి వ్రాయుచు, పనిలేక వేచియున్న కాలము దీర్ఘముగా తోచుననియు, కారణము తెలియనప్పుడు, ముగింపు తెలియనప్పుడు, అన్యాయము జరుగుచున్నదని తోచినప్పుడు మరింత దీర్ఘముగా తోచుననియు వివరించెను. మనకు దీనికి నిదర్శనము తిరుమలయే. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి కూర్చుండి, పిల్లలకు పాలు పట్టించుచు, తెలియనివారితో పులిహోర పంచుకొనుచు, గోవిందనామము చేయుచు ప్రసన్నముగా నుండువాడే ఏటీఎం ముందు ఐదు నిమిషములకు మండిపడును. అక్కడ అతనికి ఎందుకు వేచియున్నాడో తెలియును, తోడు కలదు, చేయుటకు పని కలదు. కావున వరుసలో నిలువవలసిన పనికి బయలుదేరునప్పుడు ఒక పుస్తకమునో, వ్రాయవలసిన ఉత్తరమునో వెంటతీసికొనిపొండు. నిలిచిన పిదప ప్రక్కవానితో ఒక్క మంచిమాట మాటాడుడు. ఆసుపత్రులలోను బ్యాంకులలోను పనిచేయు పాఠకులెవరైన ఉన్నచో వారికి నా ప్రార్థన: ఆలస్యమును తొలగింపలేకపోయినను, కారణమును చెప్పుడు. "డాక్టరుగారు ఆపరేషన్‌లో ఉన్నారు, గంట పడుతుంది" అను ఒక్క వాక్యము ఆ హాలులోని నూరుమంది రక్తపుపోటును తగ్గించును.

ఇక ఫిర్యాదు చేయదగినదని నిర్ణయించుకొన్న తరువాత ఏమి చేయవలెను? వ్రాయవలెను. నోటితో చెప్పిన కోపము గాలిలో కలిసిపోవును, వ్రాసినది ఒక ఫైలులో చేరును. కాని ఎట్లు వ్రాయవలెనో మన పాఠశాలలలో నేర్పలేదు. మనము వ్రాయు ఫిర్యాదులలో బాధ యెక్కువ, వివరము తక్కువ. "మీ వంటి మోసపూరిత సంస్థను నేను ఎక్కడా చూడలేదు" అని ప్రారంభించిన ఉత్తరమును చదువువాడు మొదటి వాక్యములోనే మనస్సు మూసికొనును. దానికి బదులుగా ఇట్లు వ్రాసి చూడుడు: "ఫలానా తేదీన, ఫలానా నంబరు బిల్లుపై, ఇంత ధరకు మీ వద్ద మిక్సీ కొంటిని. మూడవ దినమున మోటారు ఆగిపోయినది. ఫలానా తేదీన మీ దుకాణమునకు తీసికొనిరాగా తిరిగి తీసికొనుటకు నిరాకరించిరి. బిల్లు ప్రతిని, ఛాయాచిత్రమును జతపరచుచున్నాను. పదిహేను దినములలో వస్తువును మార్చి యిచ్చుట గాని, పైకము తిరిగి యిచ్చుట గాని చేయగోరుచున్నాను." ఇందులో ఒక్క నింద లేదు. జరిగినది, ఆధారము, కోరిక, గడువు, ఇవి తప్ప మరేమియు లేదు. వ్రాసిన తరువాత ఒకసారి చదివి, అందులోని విశేషణములన్నిటిని కొట్టివేయుడు, మిగిలినదానికే బలమెక్కువ. ఇట్లు వ్రాయుచుండగనే కోపము చల్లారుట మీరే గమనింతురు, ఏలయన తేదీలు వెదకు మనస్సు మండుచుండజాలదు.

అంతర్జాలపు వర్తకులకు వ్రాయునప్పుడు ఆ సంస్థ ఫిర్యాదుల అధికారి పేరున వ్రాయుడు. 2020 నాటి ఈ-కామర్స్ నియమముల ప్రకారము అట్టి అధికారిని నియమించి, పేరును, సంప్రదించు విధానమును తమ వేదికపై ప్రకటింపవలెను. ఫిర్యాదు అందినదని నలువదియెనిమిది గంటలలో తెలిపి, నెలలోపల పరిష్కరింపవలెను. ఫలము లేనిచో జాతీయ వినియోగదారుల సహాయకేంద్రము, 1915. అక్కడ తెలుగులో మాటాడవచ్చును. బ్యాంకు ముప్పది దినములలో సమాధానమియ్యనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. అప్పటికిని తీరనిచో జిల్లా వినియోగదారుల కమిషన్ కలదు. చెల్లించిన మూల్యము 50 లక్షలవరకు దాని పరిధి. 5 లక్షలవరకు ఫీజు లేదు. న్యాయవాది లేకుండగనే వాదించుకొనవచ్చును. వస్తువు ఎక్కడ కొన్నను మనము నివసించు చోటనే దాఖలు చేయవచ్చును. శ్రీకాకుళములో నున్నవాడు బెంగుళూరు సంస్థమీద శ్రీకాకుళములోనే ఫిర్యాదు వేయగలుగుట 2019 చట్టము మనకిచ్చిన గొప్ప సౌకర్యము. తీర్పునకు చట్టము పెట్టిన గడువు సామాన్యముగా మూడు మాసములు. వాస్తవమున ఇంతకంటె ఎక్కువకాలము పట్టుట కలదు. కావున చిన్న మొత్తముల విషయమున సహాయకేంద్రముతోనే తీర్చుకొనుట బుద్ధిమంతుల మార్గము.

ఫిర్యాదు దాఖలు చేయుటకు కారణము పుట్టిన నాటినుండి రెండేండ్ల గడువున్నది. అంతవరకు బిల్లు ఉండవలెను గదా. నేటి దుకాణములు ఇచ్చు బిల్లులు వేడికి అక్షరములు దేరు నున్నని కాగితముమీద ముద్రింపబడుచున్నవి. బీరువాలో దాచినను కొన్ని నెలలకే తెల్లబారిపోవును, పర్సులో పెట్టినచో ఇంకను త్వరగా. వస్తువు ఇల్లు చేరిన సాయంకాలమే బిల్లునకును, వారంటీ కార్డునకును, పెట్టెమీది ధర, తయారీ మాసము కనబడునట్లు పెట్టెకును ఫోనుతో ఫొటోలు తీసి, అన్నిటిని ఒకే చోట నుంచి, ఇంటిలో మరొకరికి కూడ పంపియుంచుడు.